కరువును కరువనే రాసిన దొర: సి.పి. బ్రౌన్

నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు ఇళ్ల పిల్లలు తెల్లారి లేచింది మొదలు నాలుగు భాషల మధ్య తిరుగుతారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, వీధిలో హిందీ లేదా ఉర్దూ, పుస్తకంలో ఇంగ్లిష్. ఇందులో తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టేది నాలుగోది. పిల్లలకు ఇంగ్లిష్ మాటలు ఎలా పట్టుబడతాయి? ఇంటి భాష దానికి అడ్డు కాదు కదా? తెలుగు బడిలో చేర్చిన ప్రతి కుటుంబంలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది.

ఎక్కువ మంది పట్టుకునే దారి ఒకటే. రోజుకు పది ఇంగ్లిష్ మాటలు, పక్కన పది తెలుగు అర్థాలు, రాత్రికి అప్పజెప్పడం. పరీక్ష దాటాక ఆ పదిలో ఎన్ని మిగులుతాయో ఉపాధ్యాయులకు బాగా తెలుసు. మిగిలిన వాటిని కూడా పిల్లవాడు వాక్యంలో పెట్టలేడు.

రెండు వందల ఏళ్ల కిందట ఒక ఇంగ్లిష్ యువకుడు ఇదే కష్టాన్ని అవతలి ఒడ్డు నుంచి ఎదుర్కొన్నాడు. అతనికి ఇంగ్లిష్ వచ్చు, తెలుగు రాదు. అర్థాల పట్టికతో పని జరగదని తొందరగానే గ్రహించి, మాటలను వాక్యాలతో సహా ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఏరుకున్నదే పెరిగి పెరిగి ఈనాటికీ మనం తెరిచి చూసే నిఘంటువు అయింది. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

కలకత్తాలో పుట్టి కడపకు

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అక్కడి ఫోర్ట్ విలియం కాలేజీలో పెద్ద పదవిలో ఉన్నవాడు. భాషలంటే ఆయనకు మక్కువ. కొడుక్కి చిన్నప్పుడే పలు భాషలు చెప్పించాడు. 1812లో తండ్రి పోవడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. కంపెనీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించుకుని, బ్రౌన్ 1817 ఆగస్టులో మద్రాసులో దిగాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు.

కొత్తగా వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పడానికి మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ ఉండేది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర బ్రౌన్‌కు తెలుగు అక్షరాభ్యాసం జరిగింది. 1820లో సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ప్రజల భాష రాని అధికారి ప్రజలకు పనికిరాడన్నది మన్రో గట్టి నమ్మకం. ఆ ఏడే బ్రౌన్ తెలుగు పరీక్షలో నెగ్గి, కడప కలెక్టరు దగ్గర సహాయకుడిగా చేరాడు.

పరీక్ష పాసైనంత మాత్రాన భాష వచ్చినట్టు కాదని కచేరీలో కూర్చున్నాకే తెలిసింది. కాలేజీలో చదివింది గ్రంథాల తెలుగు. కచేరీకి వచ్చిన రైతు మాట్లాడేది మరో తెలుగు. అర్జీలో రాసేది ఇంకో తెలుగు, దాని నిండా హిందుస్తానీ, మరాఠీ, పార్సీ మాటలు. అప్పటికి దొరికే నిఘంటువులు ఈ మూడింటిలో మొదటిదానికే ఎక్కువగా పనికొచ్చేవి. మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్ర దీపిక ఆధారంగా ఎ.డి. క్యాంప్‌బెల్ 1821లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేశాడు. అది గొప్ప ప్రయత్నమే. కానీ పొలంలో, అంగట్లో, వంటింట్లో నలిగే మాటల కోసం వెతికితే చాలావాటికి అందులో చోటు లేదు.

వేమన చెప్పిన పాఠం

కడప నుంచి బ్రౌన్‌కు మచిలీపట్నం బదిలీ అయింది. అక్కడ 1824లో, ఫ్రెంచి మతగురువు దుబాయి మన దేశాచారాల మీద రాసిన పుస్తకం చదువుతుండగా వేమన పేరు తగిలింది. పండితులను అడిగితే పెద్దగా పట్టించుకోలేదు. మామూలు జనం నోట మాత్రం ఆ పద్యాలు ఆడుతున్నాయి. బ్రౌన్ ఊరూరా తాటాకు ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, ఇంగ్లిష్ అనువాదంతో 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు.

ఈ పని ఆయనకు తెలుగు నేర్పిన తీరు మన పాఠకులకు ముఖ్యం. పద్యంలో ఒక మాట ఉంటుంది. దాని చుట్టూ మరో పది మాటలు ఉంటాయి. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారో తెలుస్తుంది. అదే మాట ఇంకో పద్యంలో మరో నీడతో వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ మాట ఎంతవరకు సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో పట్టుబడుతుంది. తర్వాత ఆయన నిఘంటువులో తెలుగు మాట పక్కన అర్థంతో పాటు వేమన నుంచి, కావ్యాల నుంచి, జనం మాటల నుంచి ఏరిన ప్రయోగాలు అన్నేసి కనిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

1826లో తిరిగి కడప వచ్చినప్పుడు ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులను, లేఖకులను పెట్టి సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. జూలూరి అప్పయ్య శాస్త్రి వంటి విద్వాంసులు అక్కడ పనిచేశారు. శిథిలమవుతున్న తాటాకు ప్రతులను తెప్పించడం, కాగితం మీదికి ఎక్కించడం, పాఠాలు సరిచూడడం, వ్యాఖ్యానాలు రాయించడం నిత్యం సాగేవి. తనకు బదిలీ అయినా అక్కడి పని ఆగలేదు. జీతం సరిపోక అప్పులు చేశాడు. పెళ్లి చేసుకోలేదు. కడపలో ఉచిత బడులు కూడా పెట్టించాడు.

పండితులతో ఆయనకు పేచీ లేకపోలేదు. వాడుక మాటలు నిఘంటువుకు తగవని వారి అభిప్రాయం. కూలివాడు అన్న మాట కూడా మాటేనని బ్రౌన్ పట్టు. కావ్యాల సంగతి పండితులను అడిగి తెలుసుకున్నాడు. వాడుక సంగతి వాడే వాళ్ల నోటినుంచే రాసుకున్నాడు.

కరువా, కొరతా?

1832–33లో గుంటూరు ప్రాంతాన్ని భయంకరమైన కరువు పట్టుకుంది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువన్నారు. మనుషుల డొక్కలు ఎండిపోయాయి కాబట్టి డొక్కల కరువన్నారు. లక్షకు పైగా ప్రాణాలు పోయాయి.

అప్పటి దొరల కాగితాల్లో ఆ విపత్తుకు వాడిన ఇంగ్లిష్ మాట స్కేర్సిటీ. అంటే కొరత. బ్రౌన్ వాడిన మాట ఫామిన్. అంటే తిండి లేక జనం చచ్చిపోయే కరువు. నిఘంటువులో ఈ రెండు మాటలూ దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. తెలుగు అర్థాల పట్టిక రాస్తే రెండింటికీ కరువు అనే రాసేయవచ్చు. కచేరీ కాగితం మీద మాత్రం తేడా చిన్నది కాదు. కొరత అంటే ఓపిక పట్టమని చెప్పవచ్చు. కరువు అంటే గింజలు పంపాలి, గంజి పోయాలి, శిస్తు సంగతి ఆలోచించాలి.

1834లో, సర్ ఫ్రెడరిక్ ఆడమ్ గవర్నరుగా ఉండగా, బ్రౌన్ ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్లాడు. అక్కడా ఊరుకోలేదు. లండన్‌లో కంపెనీ గ్రంథాలయంలో గుట్టలుగా పడివున్న దక్షిణాది భాషల తాటాకు పుస్తకాలకు పట్టిక తయారుచేశాడు. ఆ గ్రంథాలు మద్రాసుకు తిరిగి రావడంలో ఆయన పాత్ర ఉంది. కొన్నేళ్లకు ఆయన కూడా మద్రాసు చేరి, ప్రభుత్వానికి పార్సీ అనువాదకుడయ్యాడు. ఆ తర్వాత తెలుగు అనువాదకుడిగా, పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా కూడా పనిచేశాడు.

పిల్లలకు ఈ కరువు కథ చెప్పి చూడండి. మరాఠ్వాడా పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. 2016లో పక్కనున్న లాతూరుకు రైలు ట్యాంకర్లలో తాగునీళ్లు రావడం పెద్దలందరికీ గుర్తుంది. వానలు లేక నేల, చెరువు ఎండిపోతే డ్రౌట్. కావలసినంత దొరకకపోతే స్కేర్సిటీ. తిండి లేక మనుషులు చచ్చిపోతుంటే ఫామిన్. లాతూరులో ఆనాడు డ్రౌట్ ఉంది, నీళ్ల స్కేర్సిటీ ఉంది, ఫామిన్ లేదు. గుంటూరులో 1833లో ఉన్నది ఫామిన్. ఇలా చెబితే మూడు మాటలూ మూడు వాక్యాలతో పిల్లల మనసులో విడివిడిగా నిలుస్తాయి.

నిఘంటువు వెనుక నిఘంటువులు

1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణం వెలువడింది. 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు, 1854 నాటికి ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. ఒక్కొక్కటి వెయ్యికి పైగా పేజీలు. ఈ రెండింటి పేరు అందరికీ తెలుసు. వాటితో పాటే వచ్చిన మూడు చిన్న పుస్తకాలు మన బడులకు ఇంకా దగ్గరివి.

మొదటిది 1852 నాటి వాక్యావళి. పేరులోనే ఉంది, వాక్యాల వరుస. ఇంగ్లిష్ నుడికారానికి ఎదురుగా తెలుగు నుడికారం చూపడం దాని పని. ఇది ఎందుకు కావలసి వచ్చిందో పడు అనే మన క్రియను చూస్తే చాలు. ఇంగ్లిష్‌లో దీనికి ఫాల్ అని పట్టికలో రాస్తాం. మరి వాన పడింది, భయపడ్డాడు, కష్టపడింది, పేరు పడింది, రోడ్డున పడ్డారు అన్నప్పుడు ప్రతిచోటా ఫాల్ నడవదు. భయపడ్డాడు అంటే హి వాజ్ అఫ్రెయిడ్. కష్టపడింది అంటే షి వర్క్‌డ్ హార్డ్. వాక్యం చూపకుండా పడు అంటే ఏమిటో ఇంగ్లిష్ వాడికి చెప్పలేం. గెట్, టేక్, పుట్ వంటి ఇంగ్లిష్ క్రియల దగ్గర మన పిల్లలు తడబడేది కూడా సరిగ్గా ఇందుకే.

రెండోది జిల్లా నిఘంటువు. అదీ 1852లోనే వచ్చింది. కచేరీ వ్యవహారాల్లో వాడే మాటలకు వివరణలు అందులో ఉంటాయి. మూడోది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలన్నీ ఇందులో చేరాయి. జిల్లా, తాలూకా, ఫిర్యాదు, అర్జీ, హుకుం వంటి మాటలు తెలుగు గడ్డ మీద ఎలా తిరుగుతున్నాయో గమనించి, అవి పరాయివని పారేయకుండా వాటికీ ఒక ఇల్లు కట్టాడు.

నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా. మన ఇళ్లలో ఆ మిశ్రమ భాష ఇప్పటికీ సజీవంగా ఉంది. అర్జీ అని తెలుగులో అంటే, మరాఠీలో అర్జ్ అంటారు. ఈ మాట తెలిసిన పిల్లవాడికి అప్లికేషన్ అనే ఇంగ్లిష్ మాట పూర్తిగా కొత్తది కాదు. తాలూకా ఆఫీసులో నాన్న ఇచ్చిన కాగితం అతను చూశాడు. అర్థం ముందే ఉంది, పేరు ఒక్కటే కొత్తగా నేర్వాలి.

ఈ దగ్గరితనంలో ఒక ప్రమాదమూ ఉంది. తెలుగులో శిక్ష అంటే దండన, మరాఠీలోనూ అంతే. హిందీలో శిక్షా అంటే చదువు. తెలుగులో ఉపన్యాసం అంటే ప్రసంగం, హిందీలో ఉపన్యాస్ అంటే నవల. నాలుగు భాషల పిల్లవాడికి ఎడ్యుకేషన్, పనిష్మెంట్, లెక్చర్, నావెల్ అనే మాటలు చెప్పేటప్పుడు ఒంటి పదం అర్థంగా ఇస్తే, అతను దాన్ని ఏ భాషలో అర్థం చేసుకున్నాడో మనకు తెలియదు. వాక్యం ఇస్తే ఆ సందేహం ఉండదు.

బ్రౌన్ మద్రాసులో ఈ పని చేస్తున్న రోజుల్లోనే బొంబాయి వైపు మరాఠీకి జేమ్స్ మోల్స్‌వర్త్ అదే పని చేశాడు. ఆయన మరాఠీ–ఇంగ్లిష్ నిఘంటువు 1831లో, పెంచిన కూర్పు 1857లో వచ్చాయి. మహారాష్ట్రలోని తెలుగు బడి గ్రంథాలయంలో ఈ రెండు నిఘంటువులూ పక్కపక్కన ఉండదగినవి. ఒకే ఇంగ్లిష్ మాటకు రెండు ఇరుగుపొరుగు భాషలు ఏమంటున్నాయో పైతరగతుల పిల్లలు వాటిలో వెతకవచ్చు.

చివరి రోజులు

ఆరోగ్యం చెడడంతో 1855 ప్రాంతంలో బ్రౌన్ ఉద్యోగం వదిలి లండన్ చేరాడు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. తన నిఘంటువులను దిద్దుకుంటూనే ఉన్నాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ఆయన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువును మరికొన్ని మాటలు చేర్చి 1903లో మళ్లీ అచ్చువేశారు. ఆ సవరణలో కందుకూరి వీరేశలింగం పంతులు కూడా పాలుపంచుకున్నారు. ఆ కూర్పును చికాగో విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఫోను ఉన్న ఏ ఉపాధ్యాయుడైనా తెరవవచ్చు. ఆయన సేకరించిన గ్రంథాలు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో ఆయన బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలసింది.

మన బడిలో, మన ఇంట్లో

బ్రౌన్ దగ్గర పండితుల బృందం ఉంది. మన పిల్లల దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. కొత్త ఇంగ్లిష్ మాట ఒక్కొక్కదానికీ అందులో అర పేజీ వదలాలి. రోజుకు పది మాటలు వద్దు, మూడు చాలు. ఒక్కొక్క మాటకు నాలుగు పనులు చేయించాలి.

మొదట మాట రాసి, గట్టిగా పలికించాలి. రెండోది, దాని అర్థాన్ని ఒక్క పదంతో తేల్చకుండా, పిల్లవాడికి బాగా వచ్చిన భాషలో ఒక పూర్తి వాక్యంగా చెప్పించాలి. మూడోది, పుస్తకంలో అది వచ్చిన వాక్యాన్ని రాయించి, దాని కింద పిల్లవాడి ఇంటికో వీధికో చెందిన సొంత వాక్యం ఒకటి రాయించాలి. నాలుగోది, దాని పక్కింటి మాటను చూపి తేడా అడగాలి.

ఉదాహరణకు బారో, లెండ్ అనే జంట తీసుకోండి. పట్టికలో రెండింటికీ అప్పు అని రాస్తే పిల్లవాడు ఎప్పుడూ తారుమారు చేస్తాడు. ఇలా రాయించి చూడండి. బారో అంటే తిరిగి ఇస్తానని ఒకరి దగ్గర తీసుకోవడం. లెండ్ అంటే తిరిగి తీసుకుంటానని ఒకరికి ఇవ్వడం. ఐ బారోడ్ ఎ బుక్ ఫ్రమ్ మై ఫ్రెండ్. మై ఫ్రెండ్ లెంట్ మీ ఎ బుక్. పుస్తకం ఒకటే, చేతులు మారింది ఒకసారే, రెండు వైపుల నుంచి చెప్పాం. దీనికి బ్రౌన్ జీవితం నుంచే ఒక వాక్యం కూడా చేర్చవచ్చు. పండితులకు జీతాలివ్వడానికి బ్రౌన్ బారోడ్ మనీ.

ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులు ఈ పనిలో తాము చేయగలిగింది లేదనుకోవద్దు. నాలుగు పనుల్లో రెండోది పూర్తిగా మీదే. పిల్లవాడు మాట అర్థాన్ని తెలుగులో మీకు వివరించాలి. మీకు అర్థమైతే అతనికి వచ్చినట్టు. మీకు అర్థం కాకపోతే అతనికీ ఇంకా రాలేదన్నమాట, మళ్లీ చదవమనండి. పాటకు, సామెతకు, వంటకు, వ్యవసాయానికి చెందిన తెలుగు మాటలు మీ దగ్గర ఎన్ని ఉంటే, ఇంగ్లిష్ మాటలను తగిలించడానికి అతనికి అన్ని కొక్కేలు దొరుకుతాయి. ఇంట్లో తెలుగు తగ్గిస్తే ఇంగ్లిష్ పెరుగుతుందన్న భయంతో ఆ కొక్కేలను మనమే ఊడబీకకూడదు.

ఉపాధ్యాయులు వారానికి ఒక పిరియడ్ ఈ నోటు పుస్తకాలకు కేటాయించి, మంచి సొంత వాక్యాలను నల్లబల్ల మీద రాస్తే, ఏడాది చివరికి తరగతి మొత్తానికి ఒక చిన్న వాక్యావళి తయారవుతుంది. ధర్మాబాద్ మిరపకాయల బజారు, గోదావరి వరద, సోయాబీన్ కోత, గురుద్వారా లంగరు, అన్నీ అందులోకి రావాలి. రోజుకు మూడు మాటల లెక్కన వంద రోజులకు మూడు వందలు. పట్టికలో బట్టీ పట్టిన వెయ్యి కంటే, సొంత వాక్యాలతో నిలిచిన ఈ మూడు వందలే పిల్లవాడికి మాట్లాడే ధైర్యం ఇస్తాయి.